మధ్యలో ఏమైందని ఎవరూ అడగలేదు

సినిమా హాలు, రెండో నంబరు తలుపు పక్క స్టూలు
ఫిబ్రవరి 9

ఉడుతా,

షూటింగులో ఫోన్లన్నీ గేటు దగ్గరే సంచిలో వేయించుకుంటారని రాశావు కదా, అందుకే మళ్ళీ కాగితం పట్టాను. ఆదివారం నువ్వు చేసే ఆ రెండు నిమిషాల ఫోన్‌లో నేనేం చెప్పినా "అలాగే అక్కా, అలాగే" అంటావు. కాగితమైతే కనీసం చివరిదాకా చదువుతావు.

మీ సినిమా రెండో భాగం మా హాల్లో పడి ఇవాళ్టికి నాలుగో రోజు. ఎలా ఉందో నిజం చెప్పమన్నావు, తమ్ముడి సినిమా అని మొహమాటపడొద్దన్నావు. చెప్తున్నాను, తర్వాత అలగకు.

జనం బాగానే వచ్చారు. మొదటి రోజు నాలుగు ఆటలూ నిండాయి. మీ హీరోగారు మాస్కు తగిలించుకుని మొదటిసారి గాల్లోకి లేచినప్పుడు ఈలలు కూడా వేశారు. అసలు సంగతి ఇంటర్వెల్ తర్వాత మొదలైంది. పదహారేళ్ళుగా ఈ తలుపు దగ్గర టార్చి పట్టుకుని నిలబడుతున్నాను. జనం బాత్రూముకి ఎప్పుడు లేస్తారో నాకు తెలుసు. పాటకి లేస్తారు. కమెడియన్ రెండోసారి వస్తే లేస్తారు. క్లైమాక్సు ఫైటుకి మాత్రం ఎంత అవసరమైనా బిగబట్టుకుని కూర్చుంటారు. మీ సినిమాలో సరిగ్గా క్లైమాక్సులో, తెర మీద ఊరు ఊరంతా కూలిపోతుంటే, బాత్రూము ముందు వరస కట్టారు.

ఇంకో సంగతి. తిరిగొచ్చినవాళ్ళని టార్చి వేసి సీటు దాకా తీసుకెళ్ళేది నేనే. మామూలుగా అయితే కూర్చుంటూనే పక్కవాళ్ళ వైపు వంగి "ఏమైంది మధ్యలో?" అని అడుగుతారు. ఎంత పనికిమాలిన సినిమా అయినా అడుగుతారు. ఈ నాలుగు రోజుల్లో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. కూర్చుని, ఫోన్ తీసి టైము చూసుకున్నారు.

నీకు చెప్పాను కదా, రిటైరైన లెక్కల టీచరుగారు, ఏ సినిమా వచ్చినా చివరి సీటులో కూర్చుంటారు. ఆయన క్లైమాక్సులో బయటికొచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"అమ్మాయ్, మూడో భాగం వస్తుందని బయట పోస్టరు మీదే వేశారు కదా?"

"అవునండీ."

"మరి ఇప్పుడు ఆయనకేమైపోతుందో అని నేనెందుకు కంగారు పడాలి? తొంభై అంతస్తుల మీద నుంచి పడ్డాడు. లేచి భుజం దులుపుకున్నాడు. నేను ఆ మధ్య మా ఇంట్లో మూడు మెట్లు జారి ఆరు వారాలు మంచం దిగలేదు."

నాకు నవ్వాగలేదు. కానీ ఆయన నవ్వడం లేదు. టికెట్టు కొనుక్కుని వచ్చి మెట్ల మీద కూర్చున్న మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది.

ఇంతకీ అందులో నువ్వు పడ్డవి ఏవి? వేళకి తిను.

అక్క

*

షూటింగ్ స్పాటు, డూపుల వ్యాను
ఫిబ్రవరి 17

అక్కా,

అలగలేదు. నీ ఉత్తరం వ్యానులో గట్టిగా చదివితే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. తాళ్ళ తాతయ్య అయితే రెండుసార్లు చదివించుకున్నాడు. అదే, మా నడుములకి తాళ్ళు కట్టే పెద్దాయన.

నేను పడ్డవి ఏవి అని అడిగావు. ఒక్కటీ లేదు. మూడో అంతస్తు కిటికీలోంచి గాలిపరుపు మీదికి ఐదుసార్లు దూకాను. సూటే పదకొండు కిలోలు, లోపల చెమటకి కాళ్ళు జారిపోతుంటాయి. ఐదోసారి బ్రహ్మాండంగా వచ్చిందని ఫైట్ మాస్టర్ భుజం తట్టాడు కూడా. తర్వాత ఎవరో "మూడంతస్తులు మరీ చిన్నది, తొంభై చేద్దాం" అన్నారట. నన్ను తీసేసి గ్రాఫిక్స్ బొమ్మని పెట్టారు. బొమ్మకి చెమట పట్టదు కదా. తెర మీద నేను మిగిలింది ఒక్క చోటే: హీరోగారు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేటప్పుడు కనిపించే వీపు.

ఇప్పుడు మూడో భాగం కూడా అంతే. పొద్దున్నే సూటు వేయిస్తారు, పచ్చ గుడ్డ ముందు నిలబెట్టి చేతులు చాపమంటారు, సాయంత్రం విప్పిస్తారు. కూర్చోబెట్టి జీతం ఇస్తున్నారు. నీకు ఇంతకన్నా ఏం కావాలి?

ఒక పని చేశాను, తిట్టకు. ఇక్కడే ఒక ఎడిటర్ మేడమ్ ఉన్నారు, రోజూ తీసింది రోజూ అతికిస్తుంటారు. టీ దగ్గర కలిస్తే నీ ఉత్తరం చూపించాను. నిలబడే చదివారు. "మధ్యలో ఏమైందని ఎవరూ అడగలేదు" అన్న చోట వేలు పెట్టి, "ఈ కాగితం ఒక రోజు నా దగ్గర ఉంచనా?" అన్నారు. ఇచ్చాను. రెండు వారాలు పోయినా తిరిగి ఇచ్చేలా లేరు.

నీ అక్షరాలు పెద్దవాళ్ళ చేతుల్లో పడ్డాయి. బావకి చెప్పు, ఇక నీతో జాగ్రత్తగా ఉండమని.

నీ ఉడుత

*

ఇల్లు, వంటగది బల్ల
ఫిబ్రవరి 25

ఉడుతా,

ఎవరడిగారు నిన్ను చూపించమని? నేను నీకు రాసుకున్నది అది. బాత్రూము వరస గురించి నలుగురు చదివారంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. మీ బావ మాత్రం పొద్దుటి నుంచి నన్ను "రచయిత్రిగారూ, కాఫీ" అని పిలుస్తున్నారు.

మీ సినిమాని రెండో వారంలో ఒక్క ఆటకి కుదించారు. మా మేనేజరు మొహం చూడలేకపోతున్నాం.

నువ్వు కూర్చునే ఉంటున్నావని చదివి నాకెంత ప్రాణం లేచొచ్చిందో నీకు తెలియదు. ఆ పచ్చ గుడ్డకి దండం పెట్టాలనిపించింది. సినిమా ఎలా పోతే నీకెందుకు, అలాగే కూర్చో. ముప్పై ఆరేళ్ళొచ్చాయి, ఇక దూకింది చాలు.

మొన్న ఆదివారం ఫోన్‌లో పక్కింటావిడ కూతురికి ఉద్యోగం పోయిందని చెప్తే "మంచిదే అక్కా" అన్నావు. ఏమిటా పరధ్యానం?

అక్క

*

హోటల్, రెండో అంతస్తు గది
మార్చి 12

అక్కా,

నా కాగితాలు అయిపోయాయి, సంచి అడుగున దొరికినదాని మీద రాస్తున్నాను. ఈ కబురు రేపటిదాకా ఆగేది కాదు.

డైరెక్టర్‌గారు నన్ను పిలిపించారు. పద్నాలుగేళ్ళలో ఒక డైరెక్టరు నన్ను పిలిచి కుర్చీ వేయించడం ఇదే మొదటిసారి. సంగతేమిటంటే, మూడో భాగం ఇప్పటిదాకా తీసింది రెండు వందల మంది బయటివాళ్ళకి చూపించారట. చూశాక ఒక కాగితం ఇచ్చి, ఎక్కడ విసుగొచ్చిందో రాయమన్నారట. అందరూ ఫైట్ల దగ్గరే రాశారు. ఇక్కడ పెద్దలంతా తల పట్టుకుని కూర్చున్నప్పుడు ఎడిటర్ మేడమ్ నీ ఉత్తరం తీసి చదివారు. అక్కా, పెట్టుబడి పెట్టినవాళ్ళు, రచయితలు, పదిమంది కూర్చున్న గదిలో మన లెక్కల టీచరుగారి మూడు మెట్ల గురించి చదివారు.

డైరెక్టర్‌గారు నాతో అన్నమాట ఇది: "మీ అక్క చెప్పింది కరెక్టయ్యా. నిజంగా పడేవాడు లేడు. అందుకే భయం లేదు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నిజంగా తీద్దాం."

కథలో ఆ రోజు హీరోకి శక్తులన్నీ పోతాయి. ఐదంతస్తుల మేడ మీద నుంచి దూకాలి. గ్రాఫిక్స్ లేదు, మధ్యలో కోత లేదు. హీరోగారి ముఖం చూపిస్తూ కెమెరా వెనక్కి నడుస్తుంది, ఆయన ఒక స్తంభం చాటుకి వెళ్తారు, అవతలి పక్క నుంచి నేను బయటికొస్తాను, నాలుగు అడుగులు పరుగెత్తి దూకుతాను. కింద గాలిపరుపు. ఏప్రిల్ 6న. పేర్లు పడేటప్పుడు నా పేరు విడిగా వేస్తామన్నారు.

అంత ఎత్తు నుంచి ఈ యూనిట్లో ఇదివరకు దూకింది నేనొక్కడినే. నువ్వు ఆ తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని రాసిన ఉత్తరం వల్ల ఇదంతా. మీ హాల్లో పడిన రోజు గర్వంగా చూడు.

నీ ఉడుత

*

ఇల్లు
మార్చి 18

తమ్ముడికి,

నువ్వు ఏ కాగితం మీద రాశావో వెనక్కి తిప్పి చూసుకున్నావా?

తిరిగి పంపుతున్నాను, చూసుకో. వెనకాల గీతల పటం ఉంది. పైన చెవి డాక్టరు పేరు, నీ పేరు, ఎనిమిది నెలల కిందటి తేదీ. నాకర్థం కాక వీధి చివర మందుల షాపు ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "కుడి చెవి బాగానే ఉందమ్మా. ఎడమది దాదాపు లేనట్టే. కింద రాశారు చూడు, తల తిరుగుతుంది, ఎత్తులు ఎక్కకూడదు అని. ఎవరిదిది, మీ నాన్నగారిదా?" అంది.

నాన్నది కాదని చెప్పి వచ్చేశాను.

ఎనిమిది నెలలు. ఆ "అలాగే అక్కా" లు ఎందుకో ఇప్పుడు తెలిసింది. వినపడక.

నీకొక మాట చెప్పాలి. నీ సినిమాలన్నీ చూశానని చెప్తూ వచ్చాను. ఒక్కటీ చూడలేదు. నువ్వు మొదటిసారి పడ్డ సినిమా, ఆ రైలు మీద నుంచి, తెర వైపు చూస్తూ చూస్తూ తల తిప్పేసుకున్నాను. అప్పటి నుంచి పద్నాలుగేళ్ళుగా ఏ మాస్కువాడు ఎక్కడ నుంచి పడుతున్నా నేను జనం మొహాలే చూస్తాను. వాళ్ళు కళ్ళు మూసుకున్నారా, నోరు తెరిచారా, దాన్ని బట్టి నువ్వెంత ఎత్తు నుంచి పడ్డావో లెక్క వేసుకుంటాను. నాకు జనం గురించి ఇంత తెలిసింది అందుకే. అంతే తప్ప నాకు సినిమా గురించి ఏమీ తెలియదు.

మీ డైరెక్టరుకి ఆ సంగతి చెప్పు. చెప్పి, చెవి సంగతి కూడా చెప్పు.

అక్క

*

హోటల్
మార్చి 24

అక్కా,

కాగితం అందింది. నాలుక కరుచుకున్నాను.

దాచింది నిజమే. పోయిన ఏడాది ఒక ట్యాంకులో పక్కకి పడ్డాను. నీళ్ళు గట్టిగా తగిలాయి. అప్పటి నుంచి ఎడమ చెవిలో ఒక ప్రెషర్ కుక్కరు పొయ్యి మీద పెట్టినట్టు ఉంటుంది, దించేవాళ్ళు లేరు. ఆ హోరులో నీ ఫోన్ కూడా సగమే వినపడుతుంది. కళ్ళు మూసుకుంటే నేల కాస్త ఎడమకి వాలుతుంది. కళ్ళు తెరిచి ఉన్నంతసేపు ఏమీ లేదు. రోజూ గోడ పక్కన నడిచి సాధన చేస్తున్నాను. దూకడానికి నాలుగు అడుగులు, గాల్లో రెండు సెకన్లు. ఆ మాత్రం నిలబెట్టుకోలేనా?

మాస్టర్‌కి తెలిస్తే ఆ రోజే బ్యాగు సర్దుకోమంటాడు. డూపు చెవి బాగాలేదని ఒక్కసారి బయటికి పొక్కితే ఎక్కడా పని ఉండదు. నాకు వేరే ఏ పనీ రాదు, నీకు తెలుసు. పదో తరగతి కూడా పడుతూ లేస్తూ పూర్తి చేసినవాణ్ణి.

పద్నాలుగేళ్ళుగా పడుతున్నాను అక్కా. నా ముఖం తెలిసినవాడు లేడు. ఉన్న ఆ కాస్త పడటం కూడా బొమ్మకి ఇచ్చేశారు. ఇప్పుడు ఒక్కటి, పూర్తిగా నాది, కోత లేకుండా, పేరుతో సహా. ఇది వదులుకోమనకు.

ఇంకో మాట. నిజంగా పడేవాడు లేడని మొదట అన్నది నువ్వే. నిజంగా పడతానంటే ఇప్పుడు వద్దంటున్నావు. ఏదో ఒక మాట మీద ఉండు.

మాస్టర్‌కి మాత్రం రాయకు. రాస్తే నాకు అక్క లేదనుకుంటాను.

*

సినిమా హాలు, టికెట్ల గది
మార్చి 29

ఉడుతా,

సంతకం కూడా పెట్టలేదు. సరే.

మూడు రోజులు నీ ఉత్తరం చదువుకుంటూ తిరిగాను. నిన్న మాట్నీలో ఒక ముసలావిడని ఆడవాళ్ళ వరసలో కాకుండా ప్రొజెక్టరు గదిలో కూర్చోబెట్టబోయానట, అంత సోయి లేకుండా ఉన్నాను.

నిజంగా పడేవాడు లేడని నేనెక్కడ అన్నాను? నా ఉత్తరం మళ్ళీ అడిగి తీసుకుని చదువు. ఎవరూ ఏమైందని అడగలేదు అన్నాను. రెండూ ఒకటి కాదు. మీ డైరెక్టరు తనకి కావలసింది అందులో చదువుకున్నాడు.

పోయిన వానాకాలం మా హాల్లో ఒక చిన్న సినిమా వేశారు. పేరున్నవాళ్ళెవరూ లేరు, తొమ్మిది రోజులే ఆడింది. అందులో ఒకావిడ కూతురి మందు సీసా పట్టుకుని బస్సు కోసం నిలబడుతుంది. బస్సు రాదు. అంతే. ఎవరూ ఎక్కడి నుంచీ పడరు, దూకరు. నలభై మంది ఉన్నారు హాల్లో, ఒక్కడు లేవలేదు. ఒకాయన దగ్గు వస్తే బయటికెళ్ళి తిరిగొస్తూ సీటు దాకా కూడా ఆగలేదు, చీకట్లో నన్నే అడిగాడు, "బస్సొచ్చిందా?" అని.

ఇంట్లో ఆ పిల్ల ఎలా మూలుగుతోందో ముందే చూపించారు కాబట్టి అడిగాడు. మీ హీరో కోసం ఇంట్లో ఎవరున్నారు? రెండు భాగాలు తీశారు, ఆయన అన్నం తింటుండగా చూశామా? ఆయన రాకపోతే వాకిట్లోకి వచ్చి చూసే మనిషి ఎవరైనా ఉన్నారా? ఆ మనిషిని చూపించకుండా నువ్వు ఐదంతస్తుల మీద నుంచి కాదు, యాభై మీద నుంచి పడినా జనం బాత్రూముకే వెళ్తారు. వాకిట్లోకి వచ్చి చూసేది నేనొక్కదాన్నే ఉంటాను.

ఈ పేజీ ఎడిటర్ మేడమ్‌కి ఇవ్వు. ఇస్తే ఇవ్వు, లేకపోతే లేదు.

మాస్టర్‌కి ఉత్తరం రాసి పెట్టాను. పోస్టు చేయలేదు. నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. నువ్వే చెప్తావని చూస్తున్నాను. నాకు తమ్ముడు లేకుండా పోవడం కన్నా నీకు అక్క లేకుండా పోవడమే నయం.

అక్క

*

హోటల్
ఏప్రిల్ 8

అక్కా,

బాగున్నాను. ముందు అది చదువు. కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్నాయి.

6వ తేదీ పొద్దున పదింటికి మేడ ఎక్కాం. ఎండ బాగా ఉంది. తాళ్ళ తాతయ్య నా నడుముకి తాడు కట్టాడు. గాలిపరుపు మీద దూకేవాడికి తాడెందుకని అడిగితే, "రిహార్సలుకి. కొత్త రూలు" అన్నాడు. నా మొహం మాత్రం చూడలేదు.

స్తంభం వెనక నిలబడ్డాను. కింద రెండు వందల మంది. మేడ అంచున గట్టు దాకా నడిచి ఒకసారి కిందికి చూసుకోమన్నారు. చూశాను. గాలిపరుపు మెల్లగా ఎడమకి జరిగింది. నేను కుడికి సర్దుకున్నాను. అది ఇంకా జరిగింది. ఎవరో మైకులో ఏదో అన్నారు, ఆ మాట ఏ వైపు నుంచి వచ్చిందో తెలియలేదు. కుక్కరు ఒకటే హోరు. మాస్కు లోపల చెమట కళ్ళల్లోకి కారింది, తుడుచుకోవడానికి లేదు, రెప్ప వేశాను. రెప్ప వేసిన ఆ ఒక్క క్షణంలో నేల లేదు అక్కా.

కూర్చుండిపోయాను. గట్టుకి వీపు ఆనించి, సిమెంటు నేల మీద, పదకొండు కిలోల సూటుతో. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, "మాస్టర్, నాకు ఎడమ చెవి పని చేయడం లేదు. నేను దూకను" అన్నాను. అది యూనిట్లో అందరి వాకీటాకీల్లోనూ వినపడిందట.

మాస్టర్ ఐదంతస్తులూ ఎక్కి వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, ఆయాసపడుతూ నా కుడి పక్కన కూర్చున్నాడు. కుడి పక్కన కూర్చున్నాడని తర్వాత గుర్తొచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

చెప్పాను.

"మీ అక్క ఉత్తరం వచ్చి వారం దాటింది. నువ్వు చెప్తావేమో అని చూస్తున్నా. ఇవాళ నువ్వు అడుగేసినా తాతయ్య తాడు వదిలేవాడు కాదు."

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, రెండూ మాస్కులోనే ఉండిపోయాయి. ఆయన తన మెడ మీద చేయి వేసుకుని, "ఇది ఎడమకి తిరగదు. ఇరవై రెండేళ్ళు. మా ఆవిడకి కూడా తెలీదు. ఎవరైనా అటు నుంచి పిలిస్తే ఒళ్ళంతా తిప్పుతా, స్టైలు అనుకుంటారు" అన్నాడు.

ఇద్దరం మెట్లు దిగాం, నేను గోడ పట్టుకుని. కింద రెండు వందల మందీ నన్నే చూస్తున్నారు. ఆ దిగడం ఆ దూకడం కన్నా ఎత్తుగా అనిపించింది.

నిన్న వేరే యూనిట్ నుంచి ఒక కుర్రాణ్ణి తెప్పించి దూకించారు. ఒక్క టేకులో వచ్చింది. చాలా బాగా పడ్డాడు. నువ్వు ఇమ్మన్న పేజీ ఎడిటర్ మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ హీరోకి ఇంట్లో ఒక మనిషిని పెడదామని రెండు సీన్లు అడిగితే, ఇప్పటికే నిడివి ఎక్కువైందన్నారట.

హ్యాండ్‌బ్యాగులో ఉందన్నావు. నేను అబద్ధమాడానని తిట్టిన ఉత్తరం తర్వాతే నువ్వు అబద్ధం రాశావు.

నీ ఉడుత

*

ఇల్లు
ఏప్రిల్ 14

ఉడుతా,

అవును, అబద్ధమే. నీ ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రమే పోస్టు చేశాను, రిజిస్టరు చేసి మరీ. నీకు చెప్తే నువ్వు ముందే వెళ్ళి మాస్టర్‌ని బుకాయిస్తావని తెలుసు. మళ్ళీ అవసరమొస్తే మళ్ళీ ఆడతాను.

నువ్వు కూర్చున్నావని చదివాక నేనూ కూర్చున్నాను, వంటగది నేల మీదే. మీ బావ వచ్చి లేపారు.

ఆ కుర్రాడికి వాళ్ళింట్లో ఎవరున్నారు? కనుక్కో.

అక్క

*

సినిమా హాలు, రెండో నంబరు తలుపు
నవంబరు 20

ఉడుతా,

మూడో భాగం పడింది. మొదటి ఆట అయిపోయాక రాస్తున్నాను, లోపల ఊడుస్తున్నారు.

ఆ దూకడం నేను చూశాను. తెర వైపు తిరిగి, కళ్ళు తెరుచుకుని చూశాను. నువ్వు కాదని తెలుసు కాబట్టి చూడగలననుకున్నాను. స్తంభం చాటు నుంచి ఆ కుర్రాడు బయటికొచ్చి నాలుగు అడుగులు వేసేసరికి నా టార్చి నాకు తెలియకుండానే వెలిగింది. ఎవరో "ఆపండమ్మా లైటు" అన్నారు.

ఇక జనం సంగతి. ఆ రెండు సెకన్లూ హాలు నిశ్శబ్దమైపోయింది. ఇది కంప్యూటరు పని కాదని వాళ్ళకి ఎలాగో తెలుస్తుంది, చెప్పనక్కరలేదు. కిందపడి లేచాడు. తర్వాత మళ్ళీ ఎగరడాలు, కూలిపోవడాలు. నలుగురు లేచారు, తర్వాత తొమ్మిదిమంది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

లెక్కల టీచరుగారు ఈసారి చివరిదాకా కూర్చున్నారు. వెళ్తూ నా దగ్గర ఆగారు.

"ఆ ఐదంతస్తుల మేడ మీద నుంచి పడింది నిజం మనిషే కదూ అమ్మాయ్?"

"అవునండీ."

"బాగా పడ్డాడు. దెబ్బ తగల్లేదు కదా?"

"లేదండీ."

"పోన్లే. నాకు హీరో గురించి అనిపించలేదు, ఆ పడినవాడి గురించి అనిపించింది. సినిమా తీసినవాళ్ళకి అదా కావలసింది?"

మెట్లు జాగ్రత్తండీ అన్నాను. రెండో వారానికి ఈ సినిమా ఉండదని మా మేనేజరు ఇప్పటికే వేరే పోస్టర్లు తెప్పిస్తున్నాడు.

పేర్లు పడుతున్నప్పుడు చివరిదాకా నిలబడ్డాను. ఆ కుర్రాడి పేరు విడిగానే వేశారు. నీ పేరు లేదు. నీకు బాధగా ఉంటుందని తెలుసు. నాకు లేదు, అబద్ధం చెప్పను.

అక్క

*

షూటింగ్ స్పాటు, తాళ్ళ సామాను షెడ్డు
డిసెంబరు 2

అక్కా,

బాధగానే ఉంది. రెండు రోజులు గదిలోనే పడుకున్నాను. మూడో రోజు కొత్త సినిమాకి పని మొదలైంది.

మాస్టర్ బ్యాగు సర్దుకోమనలేదు. తాళ్ళ తాతయ్య దగ్గర పెట్టాడు. తాళ్ళు చూడాలి, గాలిపరుపు చూడాలి, ఎవరైనా దూకుతుంటే కింద నిలబడి చివరి అంగుళం దాకా చూపు తిప్పకుండా చూడాలి. తాతయ్య మొదటి రోజే చెప్పాడు, "నువ్వు కళ్ళు మూస్తే వాడు పోతాడు" అని.

నిన్న అదే కుర్రాడు నాలుగో అంతస్తు నుంచి దూకాడు. వాళ్ళింట్లో అమ్మ ఉందట, ఇద్దరు చెల్లెళ్ళు ఉన్నారట, నువ్వడిగావని కనుక్కున్నాను. వాడు గట్టు మీద నిలబడి నవ్వుతూ నాకు చేయి ఊపాడు. నేను తిరిగి ఊపలేదు, భయమేసింది. పైన ఉన్నప్పుడు ఎప్పుడూ ఇలా కాలేదు. గాల్లో ఉన్నవాడికి రెండు సెకన్లే అక్కా, కింద ఉన్నవాడికి అది ఎంతసేపో నేను ఎప్పుడూ లెక్క వేయలేదు. వాడు పరుపు మీద పడి లేచి నిలబడ్డాక కూడా నేను చూస్తూనే ఉన్నాను, తాతయ్య భుజం పట్టుకుని కుదిపేదాకా.

సాయంత్రం వాణ్ణి కూర్చోబెట్టి, ఒక్కో చెవీ మూసి రెండోదానితో వినపడుతోందా అని పరీక్ష చేశాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. రెండూ బాగున్నాయి.

వచ్చే వారం పది రోజులు సెలవు. వస్తున్నాను. మాట్లాడాలనుకుంటే నా కుడి పక్కన కూర్చో. ఎడమ పక్కన కూర్చుంటే ఊరికే తలూపుతూ "అలాగే" అంటాను, నువ్వు నమ్మేస్తావు.

నీ ఉడుత